బిగించని బోల్టు మీద ఎర్రగీత

ఆ గృహంలో ఇరవై ఆరు వాకర్లు, పదకొండు చక్రాల కుర్చీలు ఉన్నాయి. వాటిలో ఏ బోల్టు చూసినా, దాని తల మీదుగా పక్కనున్న గొట్టం మీదికి కలిపి గీసిన సన్నని ఎర్రగీత ఒకటి కనిపిస్తుంది. గీత తిన్నగా ఉంటే బోల్టు బిగువుగా ఉన్నట్టు. బోల్టు వదులై ఏ కాస్త తిరిగినా గీత విరిగిపోతుంది. చూసిన మరుక్షణం ఎవరికైనా తెలుస్తుంది.

ఈ గీతలు గీసే మనిషిని, చేతిలో ఎప్పుడూ బోల్టులు బిగించే పానా ఉంటుంది కాబట్టి, అందరూ పానా అనే పిలుస్తారు. సైన్యంలో బండ్ల వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాడు. బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతా చదువంతా లారీల కింద వెల్లకిలా పడుకుని, కళ్ళలో నూనె పడుతుంటే చదువుకున్నదే. బిగించాక గీత పెట్టడం అక్కడి అలవాటు. గీత పెట్టావంటే బండి నడిపేవాడికి మాటిచ్చినట్టే.

ఇప్పుడతనికి డెబ్భై తొమ్మిది. మోకాళ్ళు అరిగాయి, గుండెకి మందులు వాడుతున్నాడు. పాత సైనికుల కోసం కట్టిన ఈ గృహానికి వచ్చి ఏడేళ్ళయింది. ఇక్కడికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళే లెక్కలో రారు. మంచం, మాత్రలు, నర్సులు, స్నేహాలు, పోట్లాటలు అన్నీ ఇక్కడే. పెయింటు వాసనకి దగ్గొస్తోందని డాక్టరు వద్దంటే, కూతురు ఎర్ర గోళ్ళరంగు సీసాలు తెచ్చివ్వడం మొదలుపెట్టింది. శనివారం పొద్దున వాకర్లన్నీ వరండాలో వరసగా నిలబెట్టి అతను తనిఖీ చేస్తుంటే, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి అదో కాలక్షేపం.

"పానా, ఈసారి రంగు కాస్త ముదురుగా ఉందే! పెళ్ళివారొస్తున్నారా?"

"నీ వాకర్‌కే చూపులు. మూసుకుని కూర్చో."

అతనికి మాటలకన్నా పనిమీదే గురి. మాటకి మరలుండవు కాబట్టి అది ఎప్పుడు జారిపోతుందో తెలీదని అతని ఫిర్యాదు.

అలాంటి మనిషికి నాలుగేళ్ళ క్రితం ఒక స్నేహం దొరికింది.

ఆ గృహంలో పెద్ద సిస్టర్ ఒక పద్ధతి పెట్టింది. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ, పాతవాళ్ళలోంచి ఒకరిని ఆరువారాల పాటు తోడుగా వేస్తుంది. భోజనాల గదికి పిలుచుకుపోవాలి, పక్కన కూర్చోవాలి, మాట్లాడితే వినాలి. సలహాలివ్వకూడదు. యూనిఫాం వేసుకున్నవాడి బాధ యూనిఫాం వేసుకున్నవాడితోనే కాస్త తెమలుతుందని ఆవిడ నమ్మకం. నాలుగేళ్ళ క్రితం గన్నర్ వచ్చినప్పుడు తోడుగా పానా పేరు వేసింది.

గన్నర్ అంటే ఫిరంగి దళంలో పనిచేసినాయన. పానాకన్నా రెండేళ్ళు పెద్ద. చూపు దాదాపు పోయింది, నీడలు మాత్రం తెలుస్తాయి. భార్య పోయిన నెలకే వచ్చాడు. వచ్చినవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెట్టిన పళ్ళెం పెట్టినట్టే తిరిగి వెళ్ళేది.

పానాకి ఓదార్చడం రాదు. మొదటిరోజు వెళ్ళి కూర్చున్నాడు. మంచం చక్రం కిర్రుమంటే నూనె వేశాడు. రెండోరోజు కిటికీ గడియ సరిచేశాడు. మూడోరోజు కుళాయి, నాలుగోరోజు బల్ల కాలు. ఐదోరోజు చేయడానికేమీ లేక లేవబోతుంటే, గోడవైపు నుంచి గొంతు వినిపించింది.

"ఆ బీరువా తలుపు కూడా కొట్టుకుంటోందిరా."

ఆ సాయంత్రం గన్నర్ చేయి పానా కుడి భుజం మీద పడింది. ముందు పానా, వెనక గన్నర్, తోట చివరి గేటు దాకా వెళ్ళి వచ్చారు. అప్పటినుంచి రోజూ నాలుగింటికి అదే నడక. నాలుగేళ్ళలో పానా చొక్కాలన్నీ కుడి భుజం దగ్గరే ముందు వెలిశాయి. అది చూసి లోలోపల మురిసిపోయేవాడు.

ఇంతలో గరిటె దిగాడు.

గరిటె సైన్యంలో వంటవాడు. డెబ్భై ఒకటి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, వాకర్ లేకుండా అడుగు వేయలేడు. నోటికి మాత్రం ఏ ఊతమూ అక్కర్లేదు. సోమవారం మధ్యాహ్నం వచ్చాడు. రాత్రి భోజనాలయ్యేసరికి సగంమందికి అతని చరిత్ర తెలిసిపోయింది.

మంగళవారం పొద్దున బోర్డు మీద తోడు కాగితం అంటించారు. కొత్తగా వచ్చిన వంటాయనకి తోడు గన్నర్ అని ఉంది. పానా రెండుసార్లు చదివి తిన్నగా పెద్ద సిస్టర్ గదికి వెళ్ళాడు.

"కళ్ళు కనపడని మనిషిని తోడు వేయడమేంటి సిస్టర్?"

"చెవులు వినపడతాయిగా బాబాయ్."

"నేనున్నాను కదా."

"మీరు ఇప్పటికి తొమ్మిదిమందికి ఉన్నారు. ఆయన ఒక్కరికీ ఉండలేదు. నేనడగలేదు, ఆయనే అడిగారు. ఎన్నాళ్ళు ఇంకొకరి భుజం పట్టుకు నడవమంటావమ్మా, నాకూ ఎవరినైనా అప్పగించు అన్నారు."

ఇంకొకరి భుజం. ఆ మాట పానాకి ముల్లులా దిగింది. నాలుగేళ్ళు మోస్తే చివరికి ఇంకొకరయ్యాడు.

ఆరోజు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర గరిటె గన్నర్‌కి ఎడమపక్క కూర్చున్నాడు. కుడిపక్క పానాది ఎప్పటినుంచో ఉన్న చోటు. బల్ల మీద ఉడకబెట్టిన దుంపలు వచ్చాయి.

"పెద్దన్నా, ఈ దుంపని ఎవరు ఉడికించారో గానీ, దీన్ని మీ ఫిరంగిలో పెట్టి పేలిస్తే అవతలి సైన్యం లొంగిపోతున్నామని సంతకం పెట్టేసేది."

గన్నర్ నవ్వాడు. పెదవులతో నవ్వడం పానా ఎరుగును. ఈసారి పొట్ట కదిలేలా, పళ్ళెం అదిరేలా నవ్వాడు.

"నువ్వు భలేవాడివి తమ్ముడూ."

తమ్ముడూ! పానా చేతిలో చెంచా ఆగిపోయింది. నాలుగేళ్ళ నుంచి తనని ఏరా పానా, ఒరే పానా అనడమే తప్ప ఆ పిలుపు ఒక్కసారి ఆ నోటినుంచి రాలేదు. వీడు వచ్చి పూర్తిగా ఒక రోజు కాలేదు.

"దుంపలు బాగానే ఉన్నాయి," అన్నాడు పానా.

"నీకన్నీ బాగానే ఉంటాయన్నా. గ్రీజు రాసి ఇచ్చినా తింటావు."

గన్నర్ మళ్ళీ నవ్వాడు.

సాయంత్రం నాలుగింటికి పానా వెళ్ళేసరికి గన్నర్ గది ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూశాడు. తోటలో గరిటె వాకర్‌ను టక్కుటక్కుమని వేసుకుంటూ పోతున్నాడు. అతని భుజం మీద గన్నర్ చేయి. ఇద్దరూ కలిసి ఓ ఎడ్లబండి కన్నా నిదానంగా కదులుతున్నారు, ఆగి ఆగి మాట్లాడుకుంటున్నారు. పానా తన కుడి భుజాన్ని తనే ఒకసారి తడుముకుని, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాడు.

ఆదివారం కూతురొచ్చింది. బస్సు డిపోలో డ్యూటీలు వేసే ఉద్యోగం ఆమెది. మనుషుల మొహం చూసి సెలవు అబద్ధమో నిజమో చెప్పగలదు.

"ఏంటి నాన్నా, ఎవరో నీ పనిముట్ల పెట్టె ఎత్తుకుపోయినట్టున్నావు?"

"ఏం లేదు. కొత్తగా ఒక వాగుడుకాయ వచ్చాడు. గన్నరన్నకి చెవి నొప్పి పుట్టిస్తున్నాడు."

"పెదనాన్నకి నొప్పా, నీకా? ఇందాక తోటలో ఆయన పగలబడి నవ్వుతుంటే చూసే వచ్చాను."

పానా ఆమె చేతిసంచీ జిప్పు అందుకుని లాగి చూడసాగాడు. ఆమె సంచీ వెనక్కి లాక్కుంది.

"ఇదుగో, ఇదే! అమ్మ పిన్నితో గంటసేపు మాట్లాడితే నువ్వు వెళ్ళి పొయ్యి విప్పేసేవాడివి. ఇద్దరూ వచ్చి చూస్తే వంటింటి నిండా ముక్కలు. శుభ్రంగా వెలిగే పొయ్యి నాన్నా అది!"

"బర్నరులో మసి ఉంది."

"మసి బర్నరులో లేదు."

ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ మాట అతని చెవుల్లో తిరిగింది. కూతురు అన్నదానికి కోపం రాలేదు. నిజం చెప్పిందని తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ మంట తగ్గలేదు.

రెండోవారం శుక్రవారం మరింత పెద్ద దెబ్బ తగిలింది. మధ్య గదిలో గడియారం ఆగిందంటే పానా దాన్ని గోడమీంచి దింపించుకుని, కుర్చీలో కూర్చుని విప్పుతున్నాడు. తలుపు అవతల గన్నర్, గరిటె ఉన్నారు. గరిటె ఎప్పట్లా గలగలమనడం లేదు.

"నలభైమందికి వండాను పెద్దన్నా. సరిహద్దు నుంచి మధ్యాహ్నం తిండికి తిరిగొచ్చినవాళ్ళు పదకొండుమంది. మిగిలింది ఏం చేయాలో తెలీలేదు. గుంట తీసి పోసేశాను. ఇప్పటికీ ఎవరైనా పళ్ళెంలో వదిలేస్తే అటు చూడలేను."

తర్వాత గన్నర్ గొంతు వినిపించింది.

"నాదొక వంతెన ఉంది తమ్ముడూ."

పానా గడియారం ఒళ్ళో పెట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. ఆ వంతెన మాట గన్నర్ తనతోనూ రెండు మూడుసార్లు ఎత్తాడు. ఎత్తిన ప్రతిసారీ మధ్యలోనే వదిలేశాడు. ఇప్పుడు తలుపు అవతల మొదలుపెట్టి ఆపకుండా చెప్పుకుపోతున్నాడు. పానా వినలేకపోయాడు. గడియారాన్ని ముక్కలుగానే గుడ్డలో మూటగట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళలో తనకి దక్కని మాట రెండువారాల వంటవాడికి దక్కింది.

తెల్లారి శనివారం. వాకర్లన్నీ వరండాలో నిలబడ్డాయి. పానా ఒక్కొక్కదాన్నీ తిప్పి, కుదిపి, పదో నంబరు పానాతో బిగించి, పాత గీత తుడిచి కొత్త గీత పెడుతున్నాడు. పందొమ్మిదోది గరిటెది. ముందు కుడికాలి దగ్గర, ఎత్తు సర్దే చోటున్న బోల్టు అర చుట్టు వదులైంది. గీత రెండు ముక్కలుగా విరిగి ఉంది. దాన్ని తుడిచాడు. బోల్టుకి పానా తగిలించాడు.

అప్పుడే వెనకనుంచి గన్నర్ నవ్వు వినిపించింది.

"తమ్ముడూ, మన పానా కూడా మంచివాడేలే. కాకపోతే మనిషిని పలకరించాలంటే ముందు వాడికి ఏదో ఒకటి పాడవ్వాలి."

ఇద్దరూ నవ్వారు. అందులో విషమేమీ లేదు. కానీ పానాకి చెవులు వేడెక్కాయి. చేయి తిరగలేదు. బోల్టు మీంచి పానా తీసేసి, గోళ్ళరంగులో కుంచె ముంచి, బిగించని బోల్టు మీద తిన్నగా, అందంగా ఎర్రగీత పెట్టాడు. వాకర్‌ని పక్కకి తోసి ఇరవయ్యోది లాక్కున్నాడు.

పరధ్యానంలో జరిగిపోయిందని మధ్యాహ్నం దాకా తనకి తాను చెప్పుకున్నాడు. కానీ ఇరవై ఎనిమిదేళ్ళు పానా తిప్పిన చేతికి తిప్పిందెప్పుడో, తిప్పనిదెప్పుడో బాగా తెలుసు. లేచి వెళ్ళి బిగించి రావడానికి అరనిమిషం చాలు. వెళితే గరిటె ఏంటన్నా అంటాడు, గన్నర్ ఎందుకురా అంటాడు. ఏం చెప్పాలి? ఆ సాయంత్రమూ, ఆదివారమూ వాన పడింది, నడక లేదు. పానా ఆ వానకి మనసులోనే దండం పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున పదో నంబరు పానా జేబులో వేసుకుని గరిటె గది ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. లోపల ఇద్దరి మాటలు వినిపించాయి. తిరిగి వచ్చేశాడు.

నాలుగింటికి ఎండ కాసింది. కిటికీలోంచి ఇద్దరూ తలుపు దాటడం చూశాడు. తలుపు దాటగానే తోటలోకి దిగే వాలు ఉంటుంది. వాలులో మనిషి బరువంతా వాకర్ ముందుకాళ్ళ మీదే పడుతుంది. గన్నర్ చేయి గరిటె భుజం మీద ఉంది. ఒకడు పడితే ఇద్దరూ పడతారు. ఒకడిది కొత్తగా అతికిన తుంటి, ఇంకొకడికి ఎటు పడుతున్నాడో కూడా తెలీదు.

పానా పరుగెత్తాడు. ఆ మోకాళ్ళతో పదేళ్ళుగా పరుగన్నది ఎరగడు. ఒక చెప్పు దారిలోనే ఊడిపోయింది.

"ఆగండి! ఎక్కడివాళ్ళక్కడే!"

వర్క్‌షాపులో జాకీ జారినప్పుడు అరిచే కేక అది. ఆ గొంతుకి పాత సైనికుల కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. గరిటె వాకర్ ముందుకాళ్ళు అప్పటికే వాలులో ఉన్నాయి. కుడికాలు కటుక్కుమని ఒక అంగుళం లోపలికి దిగింది. వాకర్ పక్కకి ఒరిగేలోగా పానా వచ్చి రెండు చేతులా దాన్ని పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఏమైందిరా?" అన్నాడు గన్నర్, గాలిలో చేయి ఆడిస్తూ.

"బోల్టు వదులైంది."

"అదేంటన్నా, మొన్ననే గీత పెట్టావుగా," అన్నాడు గరిటె. "గీత చూడు, ఎంత తిన్నగా..." అని వంగి చూశాడు. గీత విరిగి ఉంది. వదులైన బోల్టు అతని కళ్ళముందే కదులుతోంది.

పానా బోల్టు బిగించాడు. చివరిదాకా బిగించాక లేవబోతే మోకాళ్ళు లేవలేదు. నేలమీద కూర్చునే చెప్పాడు.

"శనివారమే చూశాను. బిగించకుండా గీత పెట్టాను."

"మర్చిపోయావా?"

"లేదన్నా. తెలిసే పెట్టాను."

"ఎందుకురా?"

"కడుపుమంట."

గన్నర్ మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"నాకు గీత కనపడదురా పానా. రోజూ బయల్దేరే ముందు వీడిని అడుగుతాను, పానా గీత ఉందా తమ్ముడూ అని. ఉందన్నా అంటాడు. అది విని అడుగు వేస్తాను."

గరిటె భుజం మీంచి అతను చేయి తీసేశాడు. సిస్టర్ పరుగున వచ్చి పట్టుకోబోతే, గోడ దాకా చేర్చమని మాత్రం అన్నాడు. గోడకున్న కమ్మీ పట్టుకుని ఒంటరిగా, అడుగు తర్వాత అడుగు తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. నేలమీదున్న పానాకి చేయి అందించింది గరిటె. ఒక చేత్తో వాకర్ పట్టుకుని, రెండో చేత్తో లాగాడు.

"నన్ను చంపుదామనుకున్నావా అన్నా?"

"అనుకోలేదు. అంతదాకా ఆలోచించలేదు."

"నయం. నా వంట తినకుండానే చంపితే అన్యాయం."

అతను నవ్వించడానికే అన్నాడు. వాడి మంచితనం చూసి పానాకి ఇంకొంచెం మండింది.

మర్నాడు పానా పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి దూది, గోళ్ళరంగు తుడిచే మందు అడిగాడు. ఇరవై ఆరు వాకర్లు, పదకొండు కుర్చీల మీదున్న గీతలన్నీ తుడవడం మొదలుపెట్టాడు.

"మిగతావన్నీ బాగానే ఉన్నాయిగా బాబాయ్?"

"ఒకటి దొంగగీత పెట్టాను సిస్టర్. ఇక తక్కినవి ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను."

తుడిచినవాటిని మళ్ళీ ఒక్కొక్కటే బిగించాడు. బిగించాక వాకర్ ఎవరిదైతే వాళ్ళ చేతికే పానా ఇచ్చి, తిరుగుతుందేమో చూడమని, తిరగలేదన్నాకే గీత పెట్టాడు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ గన్నర్ ఎవరి భుజమూ పట్టలేదు. భోజనానికి కమ్మీ పట్టుకునే వచ్చాడు. పానాతో ఒక్క మాటా మాట్లాడలేదు. సిగ్గుతో చావవలసిన పానాకి, గరిటె భుజం కూడా ఖాళీగా ఉందన్నది కాస్త చల్లగా తోచింది. అలా తోచినందుకు మళ్ళీ సిగ్గేసింది.

గురువారం పొద్దున, పానా సామాన్ల గదిలో బెంచీ మీద కూర్చుని ఆఖరి కుర్చీ చక్రం చూస్తున్నాడు. వరండా గోడ వెంబడి అరచేయి రాసుకుంటున్న చప్పుడు దగ్గరైంది. గన్నర్ గుమ్మం తడుముకుని లోపలికొచ్చాడు. వెతుక్కుని బెంచీ మీద పక్కనే కూర్చున్నాడు.

"వంతెన సంగతి నీకు మూడుసార్లు చెప్పబోయాను. ఒకసారి లేచి ఫ్యాను చూశావు. ఒకసారి నా చేతికర్ర రబ్బరు మార్చావు. మూడోసారి టీ ఫ్లాస్కు మూత బిగించావు. ఎందుకురా?"

పానా చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్తే నేనూ చెప్పాలన్నా."

"చెప్పు మరి."

"ఒక లారీ. బ్రేకు దెబ్బతింది. సామాను లేదు. పంపేయమన్నారు. ఉన్నదాన్నే బిగించి గీత పెట్టాను. నడిపే కుర్రాడు దిగి, గీత చూసి, సరే అన్నాడు. తిరిగి రాలేదు. గుండు తగిలిందన్నారు. బ్రేకో, గుండో నాకు తెలీదు. యాభై రెండేళ్ళయింది. మా ఆవిడకి చెప్పలేదు. అమ్మాయికీ చెప్పలేదు."

జీవితంలో అతను ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. గన్నర్ సలహా ఏమీ ఇవ్వలేదు. అది గుండు దెబ్బేలే అని కూడా అనలేదు. చేయి చాపి వెతికి, పానా కుడి భుజం మీద వేశాడు. ఆ చేయి తీయకుండానే తన వంతెన సంగతి చెప్పాడు. వెనకబడ్డ మనవాళ్ళు కూడా వంతెన దాటేదాకా ఆగుదామని తను అడిగాడట. ఆగడానికి లేదని పైవాళ్ళు అన్నారట. గురి తప్పకుండా కొట్టాడట. అంత చక్కటి గురి తన జీవితంలో మళ్ళీ కుదరలేదన్నాడు. పానా కదలకుండా విన్నాడు. కుర్చీ చక్రం ఎదురుగా ఒక పక్కకి వాలి ఉన్నా దాన్ని ముట్టుకోలేదు.

అంతా అయ్యాక అతని నోటినుంచి వచ్చిన మొదటి మాట ఇది:

"గరిటెకి కూడా ఇదంతా చెప్పావా?"

"చెప్పాను."

"నాకన్నా ముందు."

"నీకన్నా ముందే."

"హుఁ."

"నువ్వు మారవురా," అన్నాడు గన్నర్.

వాకర్ టక్కుటక్కులాడుతూ గుమ్మంలోకి వచ్చింది.

"బాగుంది అన్నలూ! నన్నక్కడ సిస్టర్‌కి వదిలేసి ఇద్దరూ ఇక్కడ చేరారా? నాకూ కాస్త చోటివ్వండి."

గన్నర్‌కి అవతల గోడ ఉంది. జరగాలంటే పానాయే జరగాలి. అతను గన్నర్‌ని ఇంకాస్త ఆనుకుని, రెండోపక్క ఒక జానెడు చోటు చేశాడు.

"ఇంకొంచెం జరుగన్నా. నా తుంటి కూడా కూర్చోవాలి."

"నీకది చాలు," అన్నాడు పానా. అని, ఒక నిమిషం ఆగి, ఇంకో జానెడు జరిగాడు.